రెండు పుట్టినరోజుల పిల్ల

పోయిన వారం ఝాన్సీలక్ష్మిని కెనడాలో ఒక హైస్కూలు ఆఫీసు కౌంటరు ముందు నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, వారమంతా అక్కడే నిలబడి ఉంది. చేతిలో కూతురు నిఖిల మరిచిపోయి వెళ్లిన లంచ్ బాక్సు. కౌంటరు అవతల నెరిసిన జుట్టావిడ. మీ అమ్మాయి ఇక్కడ చదవడం లేదండీ, కిందటి నెలలోనే మానేసింది అని ఆవిడ ఎంతో మర్యాదగా చెప్పింది. తల్లిని, నాకు ఒక్క మాట చెప్పకుండా ఎలా మాన్పించారని ఝాన్సీలక్ష్మి అడిగింది. పద్దెనిమిది నిండిన స్టూడెంటు తన సంతకం తనే పెట్టుకోవచ్చని, ఇక ఆ అమ్మాయి సంగతులు ఆమె ఒప్పుకుంటే తప్ప కన్నతల్లికైనా చెప్పడం కుదరదని ఆవిడ అంతకన్నా మర్యాదగా చెప్పింది.

పద్దెనిమిదేమిటి, నా కూతురికి పదహారేళ్లు అన్న మాట ఝాన్సీలక్ష్మి నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తెలియాలంటే మనం ఒకసారి నరసరావుపేట వెళ్లిరావాలి.

అక్కడ ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త శేషగిరి మెడికల్ రిప్రజెంటేటివ్, వారంలో సగం రోజులు ఊళ్ల మీదే ఉండేవాడు. నాలుగేళ్ల నిఖిలని చూసేవాళ్లు ఇంట్లో లేరు. అందుకని ఝాన్సీలక్ష్మి పిల్లని వెంటబెట్టుకుని బడికి పోయి, తను పాఠం చెప్పే ఒకటో తరగతిలోనే చివరి బెంచీ మీద కూర్చోబెట్టేది. బలపం నాకుతూ కూర్చోవలసిన పిల్ల కాస్తా ముందు బెంచీ వాళ్లకన్నా ముందే ఎక్కాలు అప్పజెప్పడం మొదలెట్టింది. హెడ్మాస్టరు దక్షిణామూర్తి గారు ముచ్చటపడ్డారు. ఊరికే కూర్చోబెట్టడమెందుకమ్మా, పేరు రాసేద్దాం, రెండేళ్లు కలిసొస్తాయి అన్నారు. కలిసొచ్చేదాన్ని ఎవరు కాదంటారు? 2008 మాఘమాసంలో పుట్టిన పిల్లని భార్యాభర్తలూ హెడ్మాస్టరూ కలిసి 2006 మార్చిలో పుట్టించారు.

మన దగ్గర దీన్ని అబద్ధం అనరు. సర్టిఫికెట్ వయసు అంటారు. మా తరంలోనైతే సగం ఊరు జూన్ ఒకటో తేదీనే పుట్టింది, ఎవరూ ఆశ్చర్యపోలేదు. నిఖిల విషయంలో స్కూలు తేదీ వెనక ఆధార్ నడిచింది, ఆధార్ వెనక పాస్‌పోర్టు నడిచింది, ఆ పాస్‌పోర్టు వెనక వీళ్లు ముగ్గురూ నడిచి కెనడా వచ్చారు.

వచ్చిన పద్ధతి కూడా అందరిదే. నలభై దాటిన శేషగిరికి స్టూడెంట్ వీసా కష్టమని, భార్యని చదివించమని గుంటూరు కన్సల్టెంటు చెప్పాడు. భార్యకి కాలేజీ, భర్తకి ఎక్కడైనా పనిచేసుకునే ఓపెన్ వర్క్ పర్మిట్, పిల్లకి ఫీజు లేని బడి. ఆ ఏళ్లలో మన రాష్ట్రాల నుంచి విమానాలెక్కిన వేలమందిలో వీళ్లూ ఒకరు. ఝాన్సీలక్ష్మి తన దగ్గర చదువుకోవలసిన వయసు పిల్లల పక్కన కూర్చుని పసిపిల్లల పెంపకంలో డిప్లొమా చేసి, ఇప్పుడు కెనడాలోనే ఉన్న కేంబ్రిడ్జ్ అనే ఊళ్లో ఒక డేకేర్‌లో పనిచేస్తోంది. శేషగిరికి కారు విడిభాగాల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు. ఈ వేసవిలో పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరపడిపోయే అనుమతికి, అప్లై చేయాలి. నిఖిలని మాత్రం ఇక్కడి బడి ఏం చదివావని అడగలేదు, ఏ సంవత్సరం పుట్టావని అడిగింది. పాస్‌పోర్టు 2006 అని జవాబు చెప్పింది. పదమూడేళ్ల పిల్ల పోయి గ్రేడ్ టెన్‌లో పదిహేనేళ్ల వాళ్ల మధ్య కూర్చుంది. ఇప్పుడు గ్రేడ్ ట్వెల్వ్.

కనక కౌంటరు ముందు ఆ తల్లి తన నాలుక తనే కొరుక్కుని, థ్యాంక్యూ చెప్పి బయటికి వచ్చేసింది.

బయట ఏప్రిల్ ఎండ, ఆ ఎండలో కూడా చలి. ఆమె ఫోన్ చేస్తే శేషగిరి షిఫ్టుకి సెలవు చెప్పి కారేసుకుని వచ్చాడు. దారంతా ఇద్దరికీ ఒకటే అయోమయం. రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని వెళ్లే పిల్ల ఎక్కడికి వెళ్తున్నట్టు? అంతకుముందు ఒక్క క్లాసు తప్పినా స్కూలు నుంచి కంప్యూటర్ గొంతు ఫోన్ చేసి మీ అమ్మాయి ఇవాళ రాలేదని చెప్పేది. నెల రోజులుగా ఆ ఫోను రాలేదు. పిల్ల బుద్ధిగా వెళ్తోందని మురిసిపోయారు. స్కూలు వాళ్లేమో పిల్ల పెద్దదైపోయింది, ఇక తల్లిదండ్రులతో పనేముందని ఫోను మానేశారు.

శేషగిరి ఎవడో కుర్రాడు ఉండి ఉంటాడన్నాడు. ఝాన్సీలక్ష్మి ఎవరో ఏడిపించి ఉంటారంది. కాసేపటికి ఆయన, ఏడిపించారేమో అన్నాడు. ఆవిడ, కుర్రాడేమో అంది. వాళ్ల కాపురంలో ఇది కొత్త కాదు. ఒకరి మాట ఒకరు కాదనుకుని, తీరా కాసేపయ్యాక ఎవరి మాట ఎవరిదో మరిచిపోతారు.

నిఖిల రోజూ వచ్చే వేళకే వాళ్లు అద్దెకుంటున్న బేస్‌మెంట్ మెట్లు దిగి వచ్చింది. బ్యాగు కుర్చీకి తగిలించింది, చేతులు కడుక్కుంది, తల్లి పెట్టిన అటుకుల ఉప్మా తింది. ఆమె తింటున్నంతసేపూ తల్లీతండ్రీ తేలు కుట్టిన దొంగల్లా చూస్తూ కూర్చున్నారు. పిల్ల తప్పు చేస్తే అరవడం వాళ్లకు తెలుసు. ఈ తప్పు గురించి అరవాలంటే మొదటి అరుపు ఎవరి మీద అరవాలో తెలియలేదు. చివరికి ఝాన్సీలక్ష్మి, ఇవాళ స్కూల్లో ఏం చెప్పారమ్మా అని అడిగింది.

నిఖిల చెంచా కింద పెట్టి తల్లి మొహం చూసింది.

"తెలిసిపోయిందా?" అంది.

శేషగిరి లేచి సింకు దగ్గరికి పోయాడు. ఆయనకి కోపం వస్తే గిన్నెలు తోముతాడు. పెళ్లయిన కొత్తలో అది మంచి అలవాటనుకుని ఝాన్సీలక్ష్మి పుట్టింట్లో చెప్పుకుంది కూడా. ఆయన నీళ్లు తిప్పి, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"రోజూ ఎక్కడికెళ్తన్నావు?"

"లైబ్రరీకి నాన్నా. నది పక్కన ఉందే, అది."

"ఎవరితో?"

"ఎవరూ లేరు. నేనే."

కుర్రాడు లేడు. ఏడిపించినవాళ్లు కూడా లేరు. అందరూ మంచివాళ్లే, అదే ఇబ్బంది అంది నిఖిల. ఆ తర్వాత ఆమె చెప్పింది విని ఆ ఇద్దరికీ చాలాసేపు ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైనంత మీకు చెబుతాను.

క్లాసులో అందరూ ఆమెకన్నా రెండేళ్లు పెద్దవాళ్లు. వాళ్లు కార్లు నడుపుతారు, తమ జీతం తాము తెచ్చుకుంటారు, ఏ యూనివర్సిటీయో ఎవరిని ప్రేమించాలో మాట్లాడుకుంటారు. నిఖిల ఇంకా మంచం మీద బొమ్మని పెట్టుకుని పడుకునే పిల్ల. నరసరావుపేటలో నెట్టుకొచ్చిందంటే అది బట్టీ చదువు, పైగా టీచరు కూతురు. ఇక్కడ పుస్తకంలో లేనివి అడుగుతారు. నీ అభిప్రాయం ఏమిటంటారు, నువ్వైతే ఏం చేస్తావంటారు. ఆమెకి అభిప్రాయాలు ఇంకా రాలేదు. మార్కులు పడిపోయాయి. కౌన్సెలర్ మిసెస్ మెడీరోస్ జాలిపడి, నీకేదో నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్నట్టుంది, పరీక్ష చేయిద్దాం, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు అంది. చేశారు. వయసుకి తగ్గ గ్రహింపు లేదని తేలింది. స్పెషల్ క్లాసు ఇస్తామన్నారు.

"ఆమె స్క్రీన్ మీద చూపించింది అమ్మా. ఏ వయసుకి ఎంత రావాలో అందులో ఉంది. నేను సిక్స్‌టీన్ దగ్గర చూసుకున్నా. సిక్స్‌టీన్‌కి నేను కరెక్ట్‌గా ఉన్నా. ఎయిటీన్‌కే తక్కువ."

 డేకేర్‌లో ఝాన్సీలక్ష్మి రోజూ చేసే పనేమిటి? రెండేళ్లయినా నిండని బిడ్డని తీసుకొచ్చి, మావాడు చాలా చురుకు, పెద్దపిల్లల గదిలో వేసేయండి అనే తల్లులకి, తొందరపెట్టకండమ్మా, ఏ వయసు ముచ్చట ఆ వయసుకే అని నచ్చజెప్పడం. ఆ మాటలు చెప్పినందుకు కిందటి నెలలో సూపర్‌వైజర్ మెచ్చుకుంది కూడా. శ్రీరంగనీతులు చెప్పడం ఎంత సులువో ఆమెకి ఉప్మా గిన్నె ముందు తెలిసొచ్చింది.

నిఖిల చెప్పుకుపోయింది. మాఘమాసంలో తిథి చూసి అమ్మ పరమాన్నం చేసింది, పదహారు నిండాయని దీవించింది. మార్చిలో క్లాసువాళ్లు కప్‌కేక్ మీద కొవ్వొత్తి పెట్టి పద్దెనిమిది నిండాయన్నారు, ఇక నువ్వు పెద్దదానివి, నీ ఇష్టం అన్నారు. తెల్లారి ఆమె ఆఫీసుకి పోయి తన ఇష్టం తను రాసిచ్చింది. కాయితం మీద పద్దెనిమిదేళ్ల మనిషి, లోపల పదహారేళ్ల బుద్ధి.

"ఇంకెంతమ్మా, రెండు నెలలు ఓర్చుకుంటే గ్రేడ్ ట్వెల్వ్ అయిపోద్ది కదా" అన్నాడు శేషగిరి. గిన్నె ఇంకా చేతిలోనే ఉంది.

అవదంది నిఖిల. రెండు సబ్జెక్టులు ఎలాగూ పోతాయి. పోకపోయినా, ఆ తర్వాత ఏం చేయాలో ఆమెకి తెలియదు. తెలుసుకునే వయసు ఇంకా రాలేదు. ఆమెకి కావలసింది ఒక్కటే. సెప్టెంబరు నుంచి తన ఈడు పిల్లలతో, మొదట్నించీ చదువుకోవాలి. లైబ్రరీలో కూర్చుని ఇన్నాళ్లూ గ్రేడ్ టెన్ లెక్కలే చేసుకుంది, అవన్నీ వస్తున్నాయి, చేస్తుంటే బాగుంది కూడా.

"దానికి వాళ్లెట్లా ఒప్పుకుంటారే?" అంది తల్లి.

"నిన్న వెళ్లి మిసెస్ మెడీరోస్‌కి చెప్పేశా. నాకు సిక్స్‌టీనే అని."

శేషగిరి కుళాయి కట్టేశాడు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. వీళ్లున్న రాష్ట్రంలో పద్దెనిమిదిలోపు పిల్లలకి చదువు మానే హక్కు లేదు. పదహారేళ్ల పిల్ల అయితే బడి ఆమెని వదలకూడదు. పద్దెనిమిదేళ్ల మనిషి అయితే ఎవరూ బలవంతపెట్టకూడదు. మిసెస్ మెడీరోస్ అంతా విని, తలుపు దగ్గరికి వేసి, ఇది చాలా పెద్ద మాట, నువ్వొక్కదానివి చెబితే సరిపోదు, మీ అమ్మానాన్నలని తీసుకురా అంది. రమ్మన్నది రేపు పొద్దున తొమ్మిదింటికి.

శేషగిరి మొదటిసారి కూతురి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. పాస్‌పోర్టులో ఒకటి, నోట్లో ఒకటి అయితే దాన్ని మిస్‌రిప్రజెంటేషన్ అంటారని, పీఆర్ సంగతి దేవుడెరుగు, ఉన్న పర్మిట్లే ఊడగొట్టి ఐదేళ్లు ఈ దేశంలో కాలు పెట్టనివ్వరని చెప్పాడు. స్టూడెంట్లు ఎక్కువైపోయారని జనవరిలోనే కోత పెట్టారు, ఏ చిన్న వంక దొరికినా పంపించేద్దామని చూస్తున్నారు అన్నాడు. పోనీ వెనక్కి పోదామా అంటే అక్కడా కాయితాల్లో నీకు పద్దెనిమిదే, ఏ తరగతిలో కూర్చోబెడతారు అని అడిగాడు. అడిగినవన్నీ న్యాయమైనవే.

"రేపు మేం రాం. నీకు పద్దెనిమిదే అనుకుని ఉండు తల్లీ. తర్వాత ఏదో ఒకటి చేద్దాం."

నిఖిల తల వంచుకుని ఉప్మా గిన్నె పక్కకి జరిపింది. ఏడుస్తుందేమో అనుకున్నారు.

"సరే నాన్నా. ఎయిటీన్ అయితే నేను అడల్ట్‌ని. జాబ్ ఏజెన్సీలో పేరిచ్చా. వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ ఉందన్నారు, మండే నుంచి రమ్మన్నారు. ఎయిటీన్ వాళ్లనే తీసుకుంటారట. నేను వెళ్తా."

"వేర్‌హౌసేంటి, నైట్ షిఫ్ట్ ఏంటి, నువ్వింకా చిన్నపిల్లవి" అన్నాడు శేషగిరి.

అని, ఏమన్నాడో తనకే వినబడి, నోరు మూసుకున్నాడు. ఆ పిల్ల ఆయన్ని దెప్పలేదు. ఏదో ఒకటి చెప్పండి, పదహారంటే బడికి పోతా, పద్దెనిమిదంటే పనికి పోతా, రెండూ అంటే నాకు అర్థం కావట్లేదు అంది. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఆ తర్వాత భార్యాభర్తల మధ్య జరిగింది వాదన అనడానికి లేదు. అడకత్తెరలో పోకచెక్క ఏం వాదిస్తుంది? నిజం చెప్పేద్దాం, ఏమైతే అదవుతుందంది ఝాన్సీలక్ష్మి. దాని రెండేళ్లు మనం తినేశాం, తిరిగి ఇవ్వాల్సింది మనమే అంది. ఇవ్వడానికి మన దగ్గరేముంది, నిజం చెప్పి ఈ దేశం పోగొట్టుకుంటే ఆ పిల్ల చదువు మొత్తమే పోతుంది అన్నాడు శేషగిరి. పీఆర్ వచ్చేదాకా పద్దెనిమిది అందాం, వచ్చాక ఎంత చదువుకుంటుందో చదువుకోనీ అన్నాడు. అప్పటికి దానికి నిజంగానే పద్దెనిమిదొస్తాయి కదండీ అంది ఆవిడ.  చివరికి స్కూలుకి వెళ్లడమైతే తప్పదని, వెళ్లకపోతే అదే అనుమానమని, అక్కడ ఏం చెప్పాలో పొద్దున చూసుకుందామని లేచారు. పెద్దవాళ్లు తేల్చలేని ప్రతిదీ పొద్దున చూసుకుందామనే అంటారు.

పొద్దున ఎవరూ ఏమీ చూసుకోలేదు. రాత్రంతా ఎవరేం ఆలోచించుకున్నారో ఒకరికొకరు చెప్పుకోలేదు, అసలు పొరపాటు అదే. ఝాన్సీలక్ష్మి లేచేసరికి శేషగిరి నిఖిల గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పిల్ల దుప్పటి కాళ్లతో తన్నేసి, బొమ్మని చంకలో పెట్టుకుని, నోరు తెరుచుకుని పడుకుని ఉంది. ఆయన భార్యని చూసి కంట్లో నలక పడ్డవాడిలా కన్ను నలుపుకుంటూ స్నానానికి పోయాడు. ఝాన్సీలక్ష్మి కాఫీ కలుపుతూ, వెనక్కి పంపించేస్తే ఈ పిల్లని ఏ బడి గుమ్మం ముందు నిలబెట్టాలా అని నరసరావుపేట నుంచి గుంటూరు దాకా తనకి తెలిసిన స్కూళ్లన్నీ మనసులోనే తిరిగొచ్చింది. ఒక్కటీ దొరకలేదు. కాఫీలో పంచదార వేయడం మరిచిపోయింది, ఆయన అది గమనించకుండానే తాగేశాడు.

 కార్లో నిఖిల వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. ఆమెకి నాన్న ఏం చెబుతాడో తెలుసు, అమ్మ ఏం చెబుతుందో తెలుసు. తెలియనిదల్లా ఎవరి మాట నెగ్గుతుందనే.

మిసెస్ మెడీరోస్ గది చిన్నది. కిటికీలో చిన్న మొక్క, గోడమీద పిల్లలు గీసిన బొమ్మలు. ఆవిడ లేచి ముగ్గురితోనూ చేతులు కలిపింది, కుర్చీలు దగ్గరికి లాగింది. తన చిన్నప్పుడు తండ్రి కూడా పోర్చుగల్ నుంచి కాయితాలతో కుస్తీ పడుతూ వచ్చినవాడేనని, భయపడొద్దని మెల్లగా, వాళ్లకి అర్థమయ్యే ఇంగ్లీషులో చెప్పింది. ఈ గదిలో మీరేమంటే దాన్నిబట్టే నేను నడుచుకోవాలి, అన్నాక దాన్ని నేను విననట్టు నటించలేను, కనక ఆలోచించుకుని చెప్పండి అని కూడా చెప్పింది. అంతకన్నా మంచిగా ఎవరు చెబుతారు?  అయినా శేషగిరి తోమడానికి ఏ గిన్నే లేక రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

మిసెస్ మెడీరోస్ ఒకసారి నిఖిలని చూసింది, తర్వాత వాళ్లిద్దరినీ చూసింది.

"మీ అమ్మాయి వయసెంత?" అని అడిగింది.

 భార్యాభర్తలిద్దరూ ఒకేసారి నోరు తెరిచారు. రాత్రంతా అవతలివాళ్ల బాధ తలుచుకుని తలుచుకుని, ఎవరి మాట ఎవరిదో మళ్లీ మరిచిపోయినట్టున్నారు.

"పద్దెనిమిది" అంది ఝాన్సీలక్ష్మి.

"పదహారు" అన్నాడు శేషగిరి.